ఎన్‌ఎఫ్‌టీ అంటే ఏంటని పిల్లలు అడిగితే: ఇంట్లోనే ఆడిస్తూ చెప్పే పద్ధతి

ఈ ప్రశ్న పేరెంట్స్ అడుగుతూనే ఉన్నారు, మా వాడు ఎక్కడో వీడియో చూసొచ్చి కోతి బొమ్మ కోట్లకి అమ్ముడుపోయిందంట, మనం కూడా నాలుగు బొమ్మలేసి అమ్మేద్దాం అంటున్నాడు, ఏం చెప్పాలో తెలీట్లేదు అని. కొందరైతే అదంతా మోసం, చదువుకో పో అని పంపించేశారంట. పిల్లలు ఊరుకోరు కదా, ఇంకో వీడియో చూస్తారు, అందులో చెప్పేవాడు మీకంటే చాలా తియ్యగా చెప్తాడు.

ఎన్‌ఎఫ్‌టీ అంటే నాన్ ఫంజిబుల్ టోకెన్, ఫలానా డిజిటల్ బొమ్మ ఫలానావాడిదని చాలా కంప్యూటర్లలో కలిపి రాసుకునే ఒక లెక్క. 2021లో జనం వాటిని ఎగబడి కొన్న గోల ఇప్పుడు లేదు, రేట్లు కూడా చాలావరకు పడిపోయాయి. మరి ఇప్పుడెందుకు చెప్పడం అంటారా, ఎన్‌ఎఫ్‌టీల హడావుడి తగ్గినా దాని వెనకున్న ప్రశ్న అలాగే ఉంది. ఫోన్‌లో కనిపించేదాన్ని చూపించి "ఇది నాది" అంటే అసలు అర్థం ఏంటి? గేమ్‌లో స్కిన్ (ఆటలో మన మనిషికో గన్‌కో వేసుకునే కొత్త వేషం) కొన్న ప్రతి పిల్లాడికీ ఇది కావాలి. అందుకే ఇక్కడ ఎన్‌ఎఫ్‌టీ ఒక్కటే కాకుండా ఈ "ఇది నాది" సంగతి కూడా కలిపి చెప్తున్నా.

8 నుంచి 13 ఏళ్ళ పిల్లలకి ఇది బాగా సరిపోతుంది. ఇంకా చిన్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి ఏం మార్చాలో చివర్లో రాశా. అంతా ఒకే పూట కూర్చోబెట్టి చెప్పకండి, రెండు మూడు సాయంత్రాలు పెట్టుకోండి.

కావాల్సినవి

- పిల్లలు సొంతంగా వేసిన బొమ్మ ఒకటి (నెట్‌లోంచి ప్రింట్ తీసింది వద్దు, ఎందుకో 6వ స్టెప్‌లో తెలుస్తుంది)
- కెమెరా ఉన్న ఫోన్
- మూడు పాత నోటుబుక్కులు, పెన్నులు
- పది రూపాయల నోట్లు రెండు మూడు
- ఒక గుప్పెడు చింతపిక్కలు, లేదంటే గవ్వలు, బటన్లు, ఏవైనా సరే
- కనీసం ముగ్గురు మనుషులు. అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఇంకా మంచిది, వాళ్ళు అడిగే డౌట్లు మనకి రావు.

అక్కర్లేనివి: క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు) యాప్, వాలెట్ (క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలు పెట్టుకునే యాప్), డబ్బు ఖర్చు. ఎవరైనా "నిజంగా ఒకటి కొనిస్తేనే అర్థమవుతుంది" అంటే వినకండి.

1. ముందు పది రూపాయల నోట్లతో మొదలుపెట్టండి

మీ చేతిలో ఒక నోటు, పిల్లల చేతిలో ఒక నోటు పెట్టుకుని మార్చుకోండి. "ఇప్పుడు నీకేమైనా నష్టం వచ్చిందా?" అని అడగండి. లేదంటారు. ఇప్పుడు వాళ్ళ బొమ్మ తీసుకుని బదులుగా పక్కింటి పిల్లాడు వేసిన బొమ్మ ఇస్తానని చెప్పండి. ఒప్పుకోరు. ఫంజిబుల్, నాన్ ఫంజిబుల్ అనే మాటల్లో ఉన్న తేడా ఇంతే, ఒకదానికి బదులు ఇంకోటి ఇస్తే సరిపోయేవి కొన్ని, సరిపోనివి కొన్ని. ఆ ఇంగ్లిష్ మాటలు ఇప్పుడే బట్టీ పట్టించక్కర్లేదు.

కాస్త చురుకైన పిల్లలైతే "నోటు మీద కూడా నంబర్ ఉంది కదా, ప్రతిదీ వేరే కదా" అంటారు. అంటే సంతోషించండి, చాలా మంచి పాయింట్ అది. 786 నంబర్ ఉన్న నోట్లు ఖర్చు పెట్టకుండా దాచుకునేవాళ్ళు, ఎక్కువ డబ్బులిచ్చి కొనేవాళ్ళు ఉన్నారని చెప్పండి. అదే నోటు కిరాణా కొట్లో ఇస్తే పది రూపాయలే. వేరేది అవ్వడం వస్తువులో సగం ఉంటే, సగం దాన్ని అలా చూసే మనుషుల్లో ఉంటుంది, ఇది 7వ స్టెప్‌లో పనికొస్తుంది.

2. ఫోన్‌లో "నావి" అనుకునేవాటి లిస్ట్ రాయించండి

ఈ స్టెప్ దాటేయకండి, నన్నడిగితే మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది ఇదే, టైమ్ లేకపోతే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటి చేసినా చాలు. వాళ్ళే రాయాలి. తీసిన ఫోటోలు, గేమ్ అకౌంట్, స్కిన్లు, డైమండ్లు, కొన్న ఈబుక్, డౌన్‌లోడ్ చేసిన పాట, యూట్యూబ్ ఛానల్, ఏది గుర్తొస్తే అది. తర్వాత ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకి జవాబు రాయించండి:

- కంపెనీ మూసేస్తే ఇది నా దగ్గరే ఉంటుందా?
- ఫ్రెండ్‌కి అమ్మగలనా, ఇవ్వగలనా?
- నన్ను అడక్కుండా ఎవరైనా తీసేయగలరా?

ఫోన్‌లో తీసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న ఫోటో మూడింటిలోనూ పాసవుతుంది. గేమ్ స్కిన్ దాదాపు మూడింటిలోనూ ఫెయిలవుతుంది. ఇక్కడ పిల్లలు ఒప్పుకోరు, "నేను డబ్బులిచ్చి కొన్నా కదా" అని గొడవ పెట్టుకుంటారు. అప్పుడు పబ్జీ సంగతి చెప్పండి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధిస్తే అందులో పబ్జీ మొబైల్ ఉంది, అక్టోబర్ 30 నుంచి ఇక్కడివాళ్ళకి సర్వర్లు కూడా ఆగిపోయాయి, యూసీ (ఆ గేమ్‌లో వాడే డబ్బు) పెట్టి కొన్న డ్రెస్సులు, గన్ స్కిన్లు అన్నీ ఎక్కడో ఉన్నాయి కానీ ఎవరూ ముట్టుకోలేరు. 2021లో పబ్జీకి బదులు ఇండియా కోసం బీజీఎంఐ అనే గేమ్ వచ్చాక పాత డేటా మార్చుకునే ఛాన్స్ ఇచ్చారు కాబట్టి చాలామందికి తిరిగొచ్చాయి. మళ్ళీ 2022 జులైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది. మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో అయినా ఆ రోజుల్లో మొహం మాడ్చుకుని తిరిగిన కుర్రాడు ఉండే ఉంటాడు, పిలిచి చెప్పించండి, మనం చెప్పేదానికంటే బాగా ఎక్కుతుంది. ఇక్కడ ప్రభుత్వం కరెక్టా, కంపెనీ కరెక్టా అనే చర్చలోకి వెళ్ళకండి. వస్తువు ఉండాలా పోవాలా అనేది కొన్నవాడి చేతిలో లేదు, అది చాలు.

పుస్తకాలు చదివే పిల్లలైతే ఇంకో కథ ఉంది. 2009 జులైలో అమెజాన్ వాళ్ళు, అమ్మినవాడికి హక్కులు లేవని తేలిందని, జనం కిండిల్‌లో (ఈబుక్స్ చదివే అమెజాన్ పరికరం) కొనుక్కున్న కొన్ని పుస్తకాల్ని దూరం నుంచే తీసేశారు. డబ్బులు వెనక్కిచ్చారు, తర్వాత తప్పయిందని కంపెనీ పెద్ద క్షమాపణ కూడా చెప్పాడు. అయినా షాపువాడు రాత్రిపూట మన ఇంట్లోకొచ్చి పుస్తకం పట్టుకుపోయి బల్ల మీద డబ్బులు పెట్టిపోతే ఊరుకుంటామా, అని పిల్లల్నే అడగండి. కార్ల గేమ్స్ ఇష్టమున్నవాళ్ళకి యూబీసాఫ్ట్ వాళ్ళ ద క్రూ గురించి చెప్పండి, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, కొన్నవాళ్ళు ఒక్కళ్ళే ఆడుకుందామన్నా కుదర్లేదు.

వీటిలో చాలావాటికి మనం కట్టేది వాడుకోనిచ్చినందుకు, అంటే లైసెన్స్‌కి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి దీనికి చట్టమే ఉంది, ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా బటన్ మీద "బై" (కొనండి) అని రాయకూడదు. అక్కడున్న మనవాళ్ళు పిల్లలతో కూర్చుని ఏదైనా గేమ్ స్టోర్ తెరిచి ఆ లైన్ ఎక్కడుందో వెతికించండి, మంచి పని. ఇక్కడుండేవాళ్ళు గేమ్ షరతుల్లో "లైసెన్స్" అనే మాట వెతికించండి, దొరుకుతుంది.

3. బొమ్మకి ఫోటో తీయించండి, స్క్రీన్‌షాట్ గొడవ ఇక్కడే తేల్చేయండి

పిల్లలు వేసిన బొమ్మని అందరి ఫోన్లలోనూ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఇప్పుడు అడగండి: బొమ్మ ఎన్ని ఉన్నాయి? కాగితం ఒకటే, ఫోటోలు బోలెడు. సరే, ఇదే బొమ్మ కాగితం మీద కాకుండా ట్యాబ్‌లోనే వేసి ఉంటే? అప్పుడు ఒరిజినల్ ఫైల్‌కీ కాపీకీ చూడ్డానికి రవ్వంత తేడా కూడా ఉండదు. "మరి అప్పుడు అసలుది ఎవరిదని ఎలా చెప్తాం?" ఈ ప్రశ్న వాళ్ళ నోటి నుంచి రావాలి, వచ్చేదాకా ఆగండి, మీరే చెప్పేస్తే తర్వాతి స్టెప్ ఎందుకో వాళ్ళకి అర్థం కాదు.

"స్క్రీన్‌షాట్ తీసుకుంటే అయిపోతుంది కదా, డబ్బులెందుకు?" అని కూడా అంటారు. దీనికి చాలామంది పెద్దవాళ్ళు తడబడి "అలా తీసుకోకూడదు, తీస్తే దొంగతనం" అనేస్తారు. అలా చెప్పకండి. నిజమేంటంటే స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మ వస్తుంది, ఎన్‌ఎఫ్‌టీ ఆపలేదు, ఆపడానికి తయారు చేసింది కూడా కాదు. "అవును, బొమ్మ నీకు వచ్చేసింది. నీకు రానిది ఒకటి ఉంది, అదేంటో రేపు ఆడదాం" అని అక్కడికి ఆపేయండి. పిల్లలు రేపటికి మీకంటే ముందే నోటుబుక్కులు పట్టుకుని కూర్చుంటారు.

4. మూడు నోటుబుక్కుల ఆట

ముగ్గురికీ తలా ఒక పుస్తకం. ప్రతి పుస్తకంలో ఒకేలా నాలుగు గడులు గీయండి: నంబర్, బొమ్మ ఎక్కడుంది, ఎవరిది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది. అసలు పేర్లు వద్దు, ఒక్కొక్కళ్ళు ఒక దొంగ పేరు పెట్టుకోవాలి, నెమలి77, గుండ్రాయి5, అలా. మొదటి లైన్ అందరూ రాస్తారు: 1, బీరువా పై అర, నెమలి77, తనే వేసింది.

ఇప్పుడు నెమలి77 ఆ బొమ్మని గుండ్రాయి5కి పది చింతపిక్కలకి అమ్మాలి. అమ్మేటప్పుడు గట్టిగా అరిచి చెప్పాలి, "1వ నంబర్ ఇక నుంచి గుండ్రాయి5ది!" అని. ముగ్గురూ తమ తమ పుస్తకాల్లో కింద కొత్త లైన్ రాసుకోవాలి. పాత లైన్ కొట్టేయడం, రబ్బర్ పెట్టి చెరపడం రూల్ ప్రకారం కుదరదు. రెండు మూడు చేతులు మారనివ్వండి.

తర్వాత తాతయ్యకి కన్ను కొట్టండి, ఆయన తన పుస్తకంలో దొంగతనంగా "గుండ్రాయి5" కొట్టేసి తన పేరు రాసుకుంటాడు. గొడవ పెట్టుకోనివ్వండి. మూడు పుస్తకాలూ పక్కపక్కన పెడితే రెండిట్లో ఒకలా, ఒకదాంట్లో ఇంకోలా ఉంటుంది, దొంగ దొరికిపోతాడు. బ్లాక్‌చైన్ అంటే ఏంటి అనడిగితే పిల్లలకి ఇంత చాలు: ఒకే లెక్క చాలామంది దగ్గర ఉండటం, ఒక్కడు మార్చినా మిగతావాళ్ళ లెక్క నిలబడటం. ఈథీరియం అనేది అలాంటి ఒక పెద్ద లెక్కల పుస్తకం, వేల కంప్యూటర్లలో కాపీలుంటాయి. అందులో మనం నంబర్ వేసి రాసుకున్న లైన్ లాంటిదే ఎన్‌ఎఫ్‌టీ. స్క్రీన్‌షాట్ తీసినవాడికి రానిది ఆ లైన్.

"ఇద్దరు కలిసి మోసం చేస్తేనో?" అని అడిగితే, ముగ్గురిలో ఇద్దరు కుమ్మక్కవడం తేలికే, వేలమందిని కుమ్మక్కు చేయడం కష్టం అని చెప్పి వదిలేయండి. మైనింగ్, హ్యాష్ ఇవన్నీ ఇప్పుడు ఎత్తకండి. కరెంటు బోలెడు ఖర్చవుతుందంట కదా అని అడిగే పిల్లలుంటారు, స్కూల్లో పర్యావరణం పాఠం విని. ఈథీరియం విషయంలో 2022 సెప్టెంబర్ 15న పద్ధతి మార్చాక కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది, బిట్‌కాయిన్ మాత్రం పాత పద్ధతిలోనే ఉంది.

జాగ్రత్త: మూడు పుస్తకాలూ ఒకళ్ళ చేతిలోనే ఉంచకండి. అమ్మ ఒక్కతే రాస్తూ కూర్చుంటే అది మామూలు కంపెనీ రిజిస్టర్ అయిపోతుంది, ఆట మొత్తం అర్థం లేకుండా పోతుంది. ఇంట్లో ఇద్దరే ఉంటే వీడియో కాల్‌లో పిన్నినో బాబాయినో కలుపుకోండి.

5. బీరువాలోంచి బొమ్మ తీసేయండి

పిల్లలు చూడకుండా బొమ్మ తీసి ఇంకెక్కడైనా పెట్టండి. తర్వాత గుండ్రాయి5ని పిలిచి "నీ బొమ్మ తెచ్చుకో" అనండి. పుస్తకంలో బీరువా పై అర అని రాసి ఉంది, వెళ్ళి చూస్తే ఖాళీ. మూడు పుస్తకాల్లోనూ లైన్ మాత్రం భద్రంగా ఉంది.

నిజం ఎన్‌ఎఫ్‌టీల్లో కూడా చాలావాటికి ఇదే పరిస్థితి. బొమ్మ సైజు పెద్దది, బ్లాక్‌చైన్‌లో దాచాలంటే ఖర్చెక్కువ, అందుకని లైన్‌లో బొమ్మ ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే ఉంటుంది, బొమ్మ ఇంకెక్కడో సర్వర్‌లో ఉంటుంది. ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీ 2022 నవంబర్‌లో దివాలా తీశాక, వాళ్ళ దగ్గర తయారైన ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు కనిపించడం ఆగిపోయింది, ఎందుకంటే బొమ్మలు ఆ కంపెనీ వెబ్ అడ్రస్‌లోనే ఉన్నాయి. కొన్నవాళ్ళ దగ్గర టోకెన్, అంటే పుస్తకంలో లైన్, ఉంది, బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. కొందరు ఐపీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో, ఒకే సర్వర్‌ని నమ్ముకోకుండా చాలాచోట్ల పెట్టేలా దాస్తారు, అది మెరుగే, కానీ అక్కడ కూడా ఎవరో ఒకరు ఆ ఫైల్ ఉంచాలి.

ఆడిన తర్వాత బొమ్మ తిరిగి ఇచ్చేయండి. చిన్న పిల్లలు నిజంగా పోయిందనుకుని ఏడుస్తారు.

6. కొన్నవాడికి ఏం వచ్చింది, వేసినవాడికి ఏం మిగిలింది

ఇప్పుడు గుండ్రాయి5 "ఈ బొమ్మ నాదే కాబట్టి టీషర్టుల మీద వేసి అమ్ముకుంటా" అన్నాడనుకోండి. అమ్ముకోవచ్చా? పిల్లలు అమ్ముకోవచ్చనే అంటారు, కానీ కుదరదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం బొమ్మ వేసిన క్షణం నుంచే దాని కాపీరైట్ (కాపీలు తీసి వాడుకునే హక్కు) వేసినవాళ్ళది, రిజిస్టర్ చేయించక్కర్లేదు, పిల్లలు వేసినా అంతే. ఆ హక్కు ఇంకొకరికి పూర్తిగా ఇచ్చేయాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. లైన్ చేతులు మారినంత మాత్రాన కాపీరైట్ మారిపోదు. బోర్డ్ ఏప్ అనే కోతి బొమ్మల ఎన్‌ఎఫ్‌టీలు చేసినవాళ్ళు మాత్రం కొన్నవాళ్ళు ఆ బొమ్మని వ్యాపారానికి వాడుకోవచ్చని షరతుల్లో రాసిచ్చారు, ఆ హక్కు అలా రాసినందువల్ల వచ్చిందే.

2021 మార్చి 11న క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే ఆర్టిస్టు కొలాజ్ ఎన్‌ఎఫ్‌టీగా 6 కోట్ల 93 లక్షల డాలర్లకి పోయింది. కొన్నది తమిళనాడులో పుట్టి సింగపూర్‌లో ఉంటున్న విఘ్నేశ్ సుందరేశన్. ఆ బొమ్మ ఇప్పటికీ నెట్‌లో ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు, పిల్లలతో కలిసి తెరిచి చూడండి (ముందు మీరొకసారి చూస్కోండి, 5000 చిన్న బొమ్మలు కలిపి చేసింది, దగ్గరగా చూస్తే కొన్ని పిల్లలకి నప్పవు). చూశాక అడగండి, "ఆయన దగ్గరున్నది ఏంటి, మన దగ్గర లేనిది ఏంటి?" జవాబు "బొమ్మ" అని వస్తే 4వ స్టెప్ మళ్ళీ ఆడాలి.

రెండో వైపు కూడా చూపించండి. మీ తమ్ముడు ఆ బొమ్మ ఫోటో తీసుకుని, పుస్తకంలో 2వ నంబర్ వేసి తన పేరు రాసుకున్నాడు. పుస్తకం ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుంది! పుస్తకానికి లైన్ సరిగా రాశారా లేదా అనేదే తెలుసు, బొమ్మ ఎవరు వేశారో దానికేం తెలుసు. 2022 జనవరిలో ఓపెన్‌సీ అనే పెద్ద ఎన్‌ఎఫ్‌టీ మార్కెట్ వాళ్ళే చెప్పారు, తమ ఫ్రీ టూల్‌తో తయారైనవాటిలో 80 శాతానికి పైగా కాపీ కొట్టినవి, నకిలీవి, స్పామ్ అని. నెట్‌లోంచి ప్రింట్ తీసిన బొమ్మ వద్దన్నది ఇందుకే, ఎవరిదో బొమ్మతో మొదలుపెడితే ఈ స్టెప్‌లో మనమే దొంగలవుతాం.

7. చింతపిక్కలతో వేలంపాట

తలా ఇరవై చింతపిక్కలు పంచి బొమ్మని పాటకి పెట్టండి. మొదటిసారి అమ్మమ్మ మనవరాలి మీద ప్రేమతో పదిహేను దాకా పాడేస్తుంది. మర్నాడు అమ్మమ్మ అదే బొమ్మని మళ్ళీ పాటకి పెట్టాలి, ఈసారి ఎవరూ పాడొద్దని మిగతావాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. రెండు పిక్కలు కూడా రావు. నిన్నటి రేటు నిన్నటిదే అని పిల్లలకి కళ్ళారా కనిపిస్తుంది.

అప్పుడు ట్విట్టర్ కథ చెప్పండి. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన జాక్ డోర్సీ 2006లో పెట్టిన మొట్టమొదటి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీగా 2021 మార్చిలో సుమారు 29 లక్షల డాలర్లకి పోయింది. కొన్నాయన 2022 ఏప్రిల్‌లో 4 కోట్ల 80 లక్షల డాలర్లు కావాలని అమ్మకానికి పెడితే, గడువు అయ్యేసరికి వచ్చిన పెద్ద పాట 280 డాలర్ల దగ్గర ఆగింది. ట్వీట్ ఏం మారలేదు, పాడేవాళ్ళే లేరు.

ఇంకో చిన్న మాయ కూడా చూపించండి. తాతయ్యకి రెండు దొంగ పేర్లు ఇవ్వండి, ఒక పేరుతో తన బొమ్మే ఇంకో పేరుతో ఇరవై పిక్కలకి కొంటాడు. పుస్తకంలో "ఇరవైకి అమ్ముడైంది" అని పడుతుంది, నిజానికి ఒక్క పిక్క కూడా ఆయన జేబు దాటలేదు. దీన్ని వాష్ ట్రేడింగ్ అంటారు. ఫలానా బొమ్మ ఇంతకి పోయిందంట అని వినగానే "ఎవరు ఎవరికి అమ్మారు?" అనే డౌట్ పిల్లలకి రావాలి.

లండన్‌లో 12 ఏళ్ళ పిల్లాడు 2021 వేసవి సెలవుల్లో తిమింగలాల బొమ్మలు అమ్మి కోట్లు సంపాదించాడు కదా అని అడుగుతారు. అది నిజమే, సుమారు 2 లక్షల 90 వేల పౌండ్లు వచ్చాయి, అబద్ధం అని కొట్టిపారేయకండి. ఆ పిల్లాడికి చిన్నప్పట్నుంచే కోడింగ్ వచ్చు, వాళ్ళ నాన్న సాఫ్ట్‌వేర్ మనిషి, అది ఎన్‌ఎఫ్‌టీల పిచ్చి పీక్‌లో ఉన్న సంవత్సరం, ఈ మూడూ కలిపి చెప్పండి.

8. సేఫ్టీ రూల్స్, ఇవి మాత్రం స్ట్రిక్ట్‌గా

వాలెట్‌కి 12 లేదా 24 మాటల రహస్య వరుస ఒకటి ఉంటుంది, సీడ్ ఫ్రేజ్ అంటారు. అది ఎవరి చేతిలో పడితే అన్నీ వాళ్ళవే, ఫోన్ చేసి బ్లాక్ చేయించడానికి బ్యాంకు లాంటిది లేదు, వెనక్కి తెప్పించే బటన్ లేదు. ఓటీపీ చెప్పకూడదని ఎలా నూరిపోశామో ఇదీ అలాగే నూరిపోయాలి. ఫ్రీ ఎన్‌ఎఫ్‌టీ, ఫ్రీ స్కిన్, ఫ్రీ రోబక్స్ (రోబ్లాక్స్ గేమ్‌లో వాడే డబ్బు) అని ఎవరు లింక్ పంపినా ముట్టుకోకుండా తెచ్చి చూపించాలి. చూపించినప్పుడు తిట్టకండి, తిడితే ఇంకోసారి చూపించరు.

"మైన్‌క్రాఫ్ట్ ఎన్‌ఎఫ్‌టీ" అని ఎవరైనా అంటే వెంటనే అనుమానించాలి, తమ గేమ్‌లో ఎన్‌ఎఫ్‌టీలు ఒప్పుకోమని ఆ కంపెనీ 2022 జులైలోనే చెప్పేసింది. స్టీమ్ అనే కంప్యూటర్ గేమ్స్ స్టోర్ కూడా 2021 అక్టోబర్ నుంచి ఎన్‌ఎఫ్‌టీ గేమ్స్‌ని రానివ్వట్లేదు.

ఎక్కువమంది చేసే తప్పులు

భూమి రిజిస్ట్రేషన్‌తో పోల్చడం. వినగానే బాగుంటుంది, పొలానికి పాస్ పుస్తకం ఉన్నట్టు బొమ్మకి ఎన్‌ఎఫ్‌టీ అని. కానీ పాస్ పుస్తకం వెనక చట్టం ఉంది, తహసీల్దార్ ఆఫీసు ఉంది, ఎవడైనా గట్టు జరిపితే కోర్టుకి వెళ్ళొచ్చు. ఎన్‌ఎఫ్‌టీ లైన్ వెనక అలాంటివి ఏవీ వాటంతట అవి రావు. ఈ పోలికతో నేర్చుకున్న పిల్లలు "గవర్నమెంట్ ఒప్పుకున్న ఆస్తి" అనుకుంటారు, ఆ అపోహ తర్వాత తీయడం చాలా కష్టం.

బ్లాక్‌చైన్‌తో మొదలుపెట్టడం. మొదటి ఐదు నిమిషాల్లోనే పిల్లలు లేచి వెళ్ళిపోతారు.

అంతా మోసం అనడం, లేదా భవిష్యత్తంతా ఇదే అనడం. రెండూ తప్పే. కాన్సర్ట్ టికెట్లకి, మెంబర్‌షిప్‌లకి వాడినవాళ్ళున్నారు, ఆర్టిస్టులకి నిజంగా డబ్బులొచ్చిన సందర్భాలున్నాయి, నిండా మునిగినవాళ్ళూ ఉన్నారు.

పిల్లల కోసం అని మీ ఫోన్‌లో అకౌంట్ తెరిచి వదిలేయడం. మన దగ్గర 18 నిండనివాళ్ళు చేసుకునే ఒప్పందం చెల్లదు, ఏం జరిగినా అది మీ మెడకే. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి వీటి మీద వచ్చే లాభానికి 30 శాతం టాక్స్, ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలో తగ్గించుకోవడం కుదరదు. సరదాకి ఒకటి అమ్మినా లెక్క చూపించాలి.

అర్థమైందో లేదో చెక్ చేసుకోవడం

అర్థమైందా అని అడిగితే అవును అనే అంటారు, అది లెక్కలోకి రాదు. ఒక వారం పోనిచ్చి మామూలు మాటల మధ్యలో అడగండి:

"నేను కోతి ఎన్‌ఎఫ్‌టీ కొన్నా, మీ ఫ్రెండ్ ఆ బొమ్మని డీపీ పెట్టుకున్నాడు, ఆపగలనా?" ఎన్‌ఎఫ్‌టీ ఒక్కటే ఆపలేదు, ఆపే హక్కు ఉంటే అది కాపీరైట్ ఉన్నవాళ్ళకి, అని వస్తే సూపర్. "ఆపలేవు" అని ఊరుకున్నా పాస్ మార్కులే. "పోలీసులకి చెప్పాలి" అంటే 6వ స్టెప్ మళ్ళీ.

"బొమ్మ ఉన్న వెబ్‌సైట్ మూసేశారు, నా దగ్గర ఏం మిగిలింది?" లైన్ మిగిలింది అనాలి. ఏమీ లేదు అన్నా, బొమ్మ ఉంటుంది అన్నా 5వ స్టెప్ ఎక్కలేదు.

"నీ గేమ్ స్కిన్‌కీ ఎన్‌ఎఫ్‌టీకీ తేడా ఏంటి?" స్కిన్ లెక్క కంపెనీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది, ఎన్‌ఎఫ్‌టీ లెక్క చాలామంది దగ్గర ఉంటుంది, ఇది రావాలి. "కానీ ఆ గేమే మూసేస్తే ఆ ఎన్‌ఎఫ్‌టీ పెట్టుకుని ఏం చేస్కోవాలి?" అని తిరిగి మిమ్మల్నే అడిగారంటే ఇంక చెప్పాల్సింది లేదు, మీకంటే బాగా అర్థమైంది.

అన్నిటికంటే మంచి టెస్ట్, ఆటలో లేని మనిషికి వాళ్ళ చేతే చెప్పించడం. మీరు పక్కన కూర్చుని సరిదిద్దకండి.

వయసుని బట్టి మార్పులు

6, 7 ఏళ్ళవాళ్ళకి 1, 2, 3, 7 చాలు, నోటుబుక్కుల ఆట వద్దు, వాళ్ళకి రాయడమే పెద్ద పని. 2వ స్టెప్‌లో ఒక్క ప్రశ్నే, ఫోన్ పాడైతే ఇది ఉంటుందా పోతుందా?

13 దాటినవాళ్ళకి నిజమైన పుస్తకమే చూపించొచ్చు, అకౌంట్ అక్కర్లేదు, డబ్బులక్కర్లేదు. ఈథీరియం లెక్కలు చూపించే ఈథర్‌స్కాన్ అనే సైట్‌లో బోర్డ్ ఏప్ కాంట్రాక్ట్ (ఆ బొమ్మల లెక్క నడిపే ప్రోగ్రామ్) తెరిచి (నకిలీ పేర్లతో బోలెడుంటాయి, టిక్ మార్క్ ఉన్నది చూస్కోండి), రీడ్ కాంట్రాక్ట్ అనే చోటికి వెళ్ళి "ఓనర్ ఆఫ్" దగ్గర 0 నుంచి 9999 లోపు ఏదో ఒక నంబర్ కొట్టండి. సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే 42 అక్షరాల పొడుగు అడ్రస్ వస్తుంది, మనిషి పేరు ఉండదు, మన నెమలి77 లాగే. తర్వాత "టోకెన్ యూఆర్ఐ" దగ్గర అదే నంబర్ కొడితే బొమ్మ రాదు, ఇంకో అడ్రస్ వస్తుంది. 5వ స్టెప్‌లో బీరువా పై అర అని రాసుకున్నాం చూడండి, అది ఇదే. రాసే బటన్లు, వాలెట్ కనెక్ట్ చేయమనే బటన్లు పక్కనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దని ముందే చెప్పండి.

ఇంత చెప్పాక కూడా "నా బొమ్మతో ఎన్‌ఎఫ్‌టీ చేద్దాం" అంటే, 18 వచ్చాక నీ ఇష్టం అని చెప్పి ఈలోపు బొమ్మలు జాగ్రత్త చేయడం నేర్పండి. కాగితం బొమ్మ అయితే వెనక పేరు, తేదీ రాయించండి. ట్యాబ్‌లో వేసేదైతే లేయర్లున్న ఒరిజినల్ ఫైల్ పడేయకుండా రెండు చోట్ల దాచమనండి, నెట్‌లో పెట్టేటప్పుడు చిన్న సైజు కాపీ మాత్రమే పెట్టమనండి.